శుభలేఖా, నీకు జోహారు

కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో కొలువైన ఆంధ్రమహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి పద్యం పద్యానా దెప్పిపొడిచాడు. ‘ఆంధ్రనాయక శతకం’లో చెవికి తగిలేది నింద, మనసుకు అందేది స్తుతి. దివిసీమ కవి వేసిన ఆ బాటలోనే నేను ఎదురు దిశగా నడుస్తున్నాను. శుభలేఖా, నా నోట నీకు వినబడేది పొగడ్త. అందులో ఒక్క అక్షరమూ అబద్ధం కాదు. నీ గొప్పలన్నీ నిజం కాబట్టే, ఇంత గొప్పదానివి చేయాల్సిన అసలు పని మానేశావన్న బాధ కూడా నిజం.

ముందుగా నీ ఎదుగుదలకు దండం. ఒకనాడు నువ్వు ఒక్క మడత కాగితానివి. మూలల్లో పసుపు, నెత్తిన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు, కింద తిథి వార నక్షత్రాలు, ఆ కింద బంధువుల పేర్లు. ఇవాళ విజయవాడలో నువ్వు పట్టాలంటే ఒక పెట్టె కావాలి. అందులో పెళ్లికి ఒక కార్డు, సంగీత్‌కి ఒకటి, హల్దీకి ఒకటి, రిసెప్షన్‌కి ఒకటి. వాట్సాప్‌లో తిరగడానికి ఒక వీడియో. దారి చూపడానికి ఒక క్యూఆర్ కోడ్. కల్యాణమండపం గుమ్మంలో వధూవరుల పేర్లలోని మొదటి అక్షరాలు ముడివేసి వెలిగించిన బోర్డు. లోపల అడుగు పెట్టగానే చేతికిచ్చే చిన్న పుస్తకం, ఏ వేళకు ఏం జరుగుతుందో చెప్పే ప్రోగ్రాం. ఇన్ని రూపాలెత్తినా జనం నిన్ను ‘కార్డు’ అనే పిలుస్తారు. నేను పాత పేరుతోనే పిలుస్తాను.

నీ మీద జరిగే పనితనానికి చేతులెత్తి మొక్కాలి. దశాబ్దాలుగా తెలుగు పుస్తకాలనూ పత్రికలనూ అచ్చేసి ఆంధ్రదేశమంతటికీ పంపిన ఊరు విజయవాడ. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి కూర్చిన కంపోజిటర్లు ఇక్కడ ఉండేవారు. వాళ్ల తర్వాత ఆఫ్‌సెట్ వచ్చింది, డీటీపీ వచ్చింది, ఇప్పుడు బంగారు రేకు అద్దే యంత్రమూ లేజర్‌తో కాగితాన్ని జాలీలా కోసే యంత్రమూ వచ్చాయి. ఆ చేతుల నైపుణ్యం నీలో కనిపిస్తుంది. ప్రూఫు మీద ఎరుపు రంగు ఒక్క ఛాయ తగ్గితే మళ్లీ వేయిస్తారు. పట్టుచీర అంచుకూ నీ అంచుకూ రంగు కలిసేదాకా పెళ్లివారు ఒప్పుకోరు. ఇంత శ్రద్ధ తెలుగువాళ్లు మరే కాగితం మీదా పెట్టరు.

నీ అంచు మీద వాలిన నెమలిని చూశాను, పాకిన లతను చూశాను. అవి బందరు కలంకారీ బొమ్మలు. పెడనలో టేకు చెక్క మీద ఆ లతను చెక్కుతారు. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఆ చెక్క అచ్చును రంగులో ముంచి, బల్ల మీద పరిచిన గుడ్డ మీద ఒకదాని పక్కన ఒకటి అతుకు కనబడకుండా అద్దుతారు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. నలుపుకు ఇనుపతుక్కు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు. అంత కష్టం మీద పుట్టిన లతను నువ్వు ఒక్క మీట నొక్కుతో తెచ్చుకున్నావు. నీ వేగం అది. పెట్టె వెనకాల కార్డు డిజైన్ చేసిన సంస్థ పేరు వేసుకున్నావు, ఫోన్ నంబరుతో సహా. పెడన పేరు మాత్రం ఎక్కడా వేయలేదు. ఆ ఊరి అద్దకం గుడ్డను ఒక జేబురుమాలంతైనా కొని నీకు చుట్టి ఉంటే, విజయవాడకు డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరంలోని ఒక పనివాడింట్లో పొయ్యి వెలిగేది.

నీ కాలజ్ఞానం ఇంకా గొప్పది. సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం, లగ్నం, ఆపైన గంటలు నిమిషాలు. ఇంత కచ్చితంగా కాలం చెప్పే ఆహ్వానం మరొకటి లేదు. మన పెళ్లిలో సుముహూర్తమంటే తాళి కట్టే వేళ కాదు. మధ్యన తెర పట్టి ఉండగా, వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే క్షణం అది. ఆ నిమిషం కోసమే పంచాంగం తిరగేస్తారు, పెళ్లిళ్లను మూఢం దాటిస్తారు, ఆషాఢం దాటిస్తారు. ఆ నిమిషాన్ని నువ్వు బంగారు అక్షరాల్లో వేస్తావు. దాని కిందనే, అంతే బంగారు అక్షరాల్లో, ‘విందు సాయంత్రం 7 గంటల నుండి’ అని కూడా వేస్తావు. అర్ధరాత్రి దాటాక ముహూర్తముంటే జనం నీ రెండో మాటనే నమ్ముతారు. ఏడింటికి వస్తారు, స్టేజీ ఎక్కి ఫొటో దిగుతారు, పూర్ణంబూరె తిని, తాంబూలం సంచి తీసుకుని తొమ్మిదింటికి బండెక్కుతారు. జీలకర్ర బెల్లం వేళకు హాల్లో మిగిలేది ఇరువైపుల దగ్గరివాళ్లూ, కెమెరాలవాళ్లూ, మడతపెట్టే కుర్చీలూ. వేలమందిని రప్పించగల శక్తి నీది. దేనికి రప్పించాలన్నదే నువ్వు మరచిపోయావు.

చట్టం ముందు కూడా నీకు మర్యాద ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి పెళ్లినీ తప్పనిసరిగా నమోదు చేయాలని 2002లో చట్టం వచ్చింది. పెళ్లిని నమోదు చేయించుకోవడానికి వెళ్తే దరఖాస్తుకు జతపరచమనే కాగితాల్లో నువ్వూ ఉంటావు. అంటే నువ్వొక సాక్షివి. అయితే దేనికి సాక్షివి? 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను, వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం పెళ్లి జరగాలంటుంది. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, ఏడో అడుగు పడినప్పుడే పెళ్లి పూర్తయి ఇద్దరినీ కట్టిపడేస్తుందంటుంది. 2024లో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. పెళ్లంటే ఆటపాటలకూ విందువినోదాలకూ జరిపే సంబరం కాదనీ, తంతు జరగకుండా సర్టిఫికెట్టు ఒక్కటీ ఉన్నంత మాత్రాన అది హిందూ వివాహం కాదనీ చెప్పింది. దేశపు అత్యున్నత న్యాయస్థానం ఏ అడుగుల దగ్గర ఆగి మాట్లాడిందో, ఆ అడుగులకు నీ ప్రోగ్రాం పుస్తకంలో ఎంత చోటుందో వెతికాను.

ఒక పుస్తకాన్ని దగ్గరగా చూపిస్తాను. ఎనిమిది పేజీలు, మీగడ రంగు దళసరి కాగితం, వెన్నున పట్టుదారపు కుచ్చు. మొదటి పేజీలో ఇద్దరి బొమ్మలు, ఆమె చేతిలో లాప్‌టాప్, అతని చేతిలో క్రికెట్ బ్యాటు. రెండూ మూడూ పేజీల్లో ‘మా కథ’: మొదటిసారి ఎక్కడ కలిశారు, ఎవరు ముందు పలకరించారు, కుక్కపిల్ల పేరేమిటి. నాలుగో పేజీలో సంగీత్ పాటల వరుస. అయిదో పేజీలో ఏ వేడుకకు ఏ రంగు బట్టలు కట్టుకోవాలో. ఆరో పేజీలో ‘కార్యక్రమం’: వరుడి రాక, బాణసంచా, వధువు రాక, పూలవాన, జయమాల, కేక్, విందు. చివరి వరుసలో ‘పెళ్లి’ అని ఒకే ఒక్క మాట, దాని పక్కన వేళ. ఏడో పేజీలో ఫొటోలు ఎక్కడ పంపాలో. ఎనిమిదో పేజీలో ధన్యవాదాలు.

ముద్రణలో వంక పెట్టడానికి లేదు. ఒక్క అచ్చుతప్పు లేదు. ఆ ‘పెళ్లి’ అన్న ఒక్క మాటలో ఏమేం ఉన్నాయో చూడు. కన్యాదానం వేళ మహాసంకల్పం చెప్పి, ఇరువైపుల ముత్తాత, తాత, తండ్రి పేర్లు గోత్రంతో సహా వినిపిస్తారు. ధర్మంలో, సంపాదనలో, కోరికలో ఈమెను దాటి నడవనని వరుడు ‘నాతిచరామి’ అంటాడు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, పాణిగ్రహణం, లాజహోమం జరుగుతాయి. సప్తపదిలో అడుగుకొక కోరిక ఉంది: తిండి, బలం, వ్రతం, సుఖం, పశుసంపద, ఋతువులు, ఏడోది యజ్ఞం నడిపే వాళ్ల కోసం. ఏడో అడుగు వేశాక వరుడు వధువుతో అనే మాట, నాకు స్నేహితురాలివి కమ్మని. వేల ఏళ్ల తంతులో భర్త భార్యను నేస్తం కమ్మని అడిగే చోటు అది. కుక్కపిల్ల పేరుకు చోటిచ్చిన పుస్తకంలో ఆ మాటకు చోటు దొరకలేదు. ఆ రాత్రి వరుడు పంతులుగారి వెనకే ఆ మాట పలికాడు. ఏం పలికాడో అతనికి తెలియదు, ఆమెకూ తెలియదు.

నీ జ్ఞాపకశక్తికీ జోహారు. ఎవరి పేరు ముందు వేయాలి, ఎవరిది వెనక వేయాలి, ఎవరి పేరు మానేస్తే పదేళ్లు మాటలుండవు, అన్నీ నీకు తెలుసు. వరుడి పేరు పక్కన ఎం.ఎస్., దాని కింద అమెరికా కంపెనీ పేరు. మేనమామల చదువులు, బాబాయిల ఉద్యోగాలు, ఊరి పెద్దల పదవులు, కొన్ని కార్డుల మీద నాయకుల ఫొటోలు కూడా. ఇంతమందిని గుర్తుపెట్టుకున్నదానివి, కన్నతల్లి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘శ్రీమతి అండ్ శ్రీ’ అని వేసి, ఆ పక్కన భర్త పేరు ఒక్కటే వేస్తావు. తొమ్మిది నెలలు మోసినావిడ ‘శ్రీమతి’ అన్న మూడక్షరాల్లో సర్దుకుంటుంది. కన్యాదానం వేళ చెప్పే ప్రవరలో ముత్తాత దాకా మగవాళ్ల పేర్లే వినిపిస్తాయి, అది పాత తంతు. నువ్వు మాత్రం నిన్న సాయంత్రం కంప్యూటర్ మీద పుట్టినదానివి. ఆమె పేరు కొట్టడానికి నీకు అడ్డమొచ్చిన శాస్త్రం ఏదీ లేదు.

మరికొందరినీ నువ్వు మరచిపోతావు. వీడియో తీసే బృందానికి నీలో పేరుంది, మేకప్ చేసినావిడకు పేరుంది, పూలతో అలంకరించిన సంస్థకు పేరుంది. గొంతు పోయేదాకా మంత్రం చదివిన పురోహితుడికి లేదు. తెల్లవారుజామున గాడిపొయ్యి ముందు నిలబడిన వంటమేస్త్రీకి లేదు. ‘గట్టిమేళం, గట్టిమేళం’ అన్న కేక వినగానే ఊపిరి బిగబట్టి నాదస్వరం ఎత్తుకునే విద్వాంసుడికి లేదు, డోలు వాయించేవాడికి లేదు. అప్పటి కృష్ణా జిల్లా గంపలగూడెం మండలంలోని గోసవీడులో పుట్టిన షేక్ హసన్ గారు భద్రాద్రి రాముడి సన్నిధిలో నాదస్వరం వాయించారు. 2022లో ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు. మన పెళ్లిపందిళ్లలో మంగళవాద్యం వినిపించిన ముస్లిం కుటుంబాలు తెలుగునేల మీద ఎన్నో ఉన్నాయి. ఏ మేళం లేకపోతే తాళి కట్టరో, ఆ మేళగాడి పేరుకు నీలో ఒక్క పంక్తి లేదు. అదే పేజీలో డీజే పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

నీ వంశం గొప్పది, నీకు అది గుర్తుచేయాలి. నీ అమ్మమ్మ లగ్నపత్రిక. ఇరువైపుల పురోహితులు కూర్చుని చేత్తో రాసి, పసుపు కుంకుమ పెట్టి, పదిమంది పెద్దల ముందు గొంతెత్తి చదివి, తాంబూలంలో పెట్టి మార్చుకునేవారు. అది చదవడం కోసం పుట్టిన కాగితం. రాసింది అందరూ విన్నారు కాబట్టే దాని మీద మాట నిలబడేది. నీ మేనత్త పెళ్లిపద్యాల కాగితం. వధూవరుల పేర్లు కలిపి వరుడి మిత్రులో, ఊరి బడి తెలుగు మాస్టారో సీసాలూ కందాలూ అల్లి ‘పంచరత్నాలు’ అని రంగు కాగితం మీద అచ్చువేయించేవారు. తలంబ్రాలయ్యాక మైకు ముందు రాగం తీసి చదివి, అద్దం కట్టించిన ప్రతిని పెళ్లికొడుకు చేతికిచ్చేవారు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పాత ఇళ్ల గోడల మీద అవి వెలిసిపోయి ఇంకా వేలాడుతూ ఉంటాయి. ఆ పద్యాల్లో ఛందస్సు కొన్నిచోట్ల కుంటేది. అయినా అవి ఆ ఇద్దరి కోసమే, వాళ్లను ఎరిగినవాళ్లు రాసినవి. నీ ‘మా కథ’ పేజీలో వాక్యాలు కుంటవు. పేర్లూ ఊళ్లూ మార్చి చూస్తే అవే వాక్యాలు మరో పెళ్లి పుస్తకంలోనూ కనిపిస్తాయి.

ఎవరి పెళ్లికి తగ్గట్టు వారికి ప్రత్యేకంగా తయారవుతానని కదా నీ పేరు ప్రతిష్ఠలు. ఆ పని ఈ డెల్టాలో ఎప్పుడో జరిగింది, నీకన్నా చాలా ముందు. గుడివాడ దగ్గర అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి డబ్లిన్ వెళ్లి బారిష్టరు చదివి వచ్చారు, తెనాలిలో స్థిరపడి మునిసిపల్ చైర్మన్‌గా పనిచేశారు. జనం ఆయన్ను కవిరాజు అన్నారు. ‘సూతపురాణం’, ‘శంబుకవధ’ రాసి పండితులతో తలపడిన ఆ మనిషి ‘వివాహవిధి’ అని ఒక పుస్తకం కూడా రాశారు. పెళ్లి తంతునంతా తెలుగులో పెట్టారు. వధూవరులకూ, పందిట్లో కూర్చున్న రైతులకూ, వాళ్ల ఇల్లాళ్లకూ అర్థమయ్యేలా ప్రమాణాలు రాశారు. తానే పౌరోహిత్యం చేసి ఆ పద్ధతిలో పెళ్లిళ్లు జరిపించారు. ఆయన వాదాలన్నిటితో ఏకీభవించనివాళ్లు కూడా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. పెళ్లిలో ఇద్దరూ ఏం ఒప్పుకుంటున్నారో ఆ ఇద్దరికీ తెలియాలన్న పట్టుదలతో పుట్టిన పెళ్లి పుస్తకం అది. బంగారు రేకు లేదు, కుచ్చు లేదు. అర్థం ఉంది.

గోరా కథ ఇంకొకటి. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడ పటమటకు తెచ్చిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, తన పెద్దకూతురు మనోరమకు హరిజన యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయించారు. గాంధీ ఆ పెళ్లి సేవాగ్రాంలో తానే జరిపిస్తానన్నారు. నాస్తికుల ఇంటి పెళ్లి కాబట్టి దేవుడి పేరున కాక సత్యం పేరున ప్రమాణం చేయించడానికి సిద్ధపడ్డారు. 1948 జనవరి 30న గాంధీ హత్యకు గురయ్యారు. అనుకున్న చోటే, సేవాగ్రాంలోనే, ఆ ఏడాది మార్చి 13న ఆ పెళ్లి జరిగింది. వధూవరులు ఎవరో, వాళ్లు దేన్ని నమ్ముతారో తెలుసుకుని ప్రమాణాన్ని వాళ్లకు తగినట్టు మార్చడం, నువ్వు చెప్పుకునే ప్రత్యేకత అదే. వాళ్లు మాట మార్చారు. నువ్వు కాగితం మారుస్తున్నావు.

మన పక్కింటి పెళ్లిళ్లను చూసినా ఇదే తెలుస్తుంది. బందరుకు 1841లో క్రైస్తవ మిషనరీ రాబర్ట్ నోబుల్ వచ్చారు, రెండేళ్లకే అక్కడ బడి పెట్టారు. ఆ తీరంలో తరతరాలుగా చర్చి పెళ్లిళ్లు తెలుగులో జరుగుతున్నాయి. అక్కడ కూర్చున్నవాళ్ల చేతిలో ఆరాధన క్రమం ఉంటుంది. ఏ కీర్తన ఎప్పుడో చూసుకుని అందరూ కలిసి పాడతారు. వధువూ వరుడూ ప్రమాణాలను సొంత గొంతుతో, తెలుగులో, సంఘమంతా వింటుండగా చెబుతారు. విజయవాడ వన్‌టౌన్‌లో నికా జరిగే చోట వధువునూ వరుణ్నీ సమ్మతి అడుగుతారు, మెహర్ ఎంతో నికానామాలో రాస్తారు, సాక్షుల చేత సంతకాలు చేయిస్తారు. ఆ కాగితాలకు మెరుపు లేదు. ఆ పెళ్లిలో మాత్రం వాటికి పని ఉంది. నువ్వు ఉన్నా లేకపోయినా మన పెళ్లి సాగిపోతుంది. ఇంత ఖర్చు పెట్టించుకున్నదానికి ఇది చిన్న లోటు కాదు.

ఇక నీ గుట్టుకు సాటి లేదు. నిశ్చితార్థం నుంచి సత్యనారాయణ వ్రతం దాకా అన్నీ చెప్పే నువ్వు, అన్నిటికంటే ముందు జరిగే కార్యక్రమాన్ని ఎన్నడూ బయటపెట్టలేదు. హాలు బుక్ చేయకముందే, నిన్ను డిజైన్ చేయించకముందే, రెండు సోఫాల మధ్య జరిగే బేరం అది. కాలవ కింద ఎన్ని ఎకరాలు, ఊళ్లో ఎన్ని గజాల స్థలం, బంగారం ఎంత, ఆడపడుచు లాంఛనం ఎంత. కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ 1961 నుంచి నేరం. ‘బహుమతులు స్వీకరించబడవు’ అని నీ అడుగున వేసిన రోజున కూడా ఆ బేరం గురించి నువ్వు నోరు మెదపవు.

ఆ చట్టం కిందే 1985లో కేంద్రం నిబంధనలు పెట్టింది. పెళ్లిలో వధువుకు వచ్చిన కానుకల జాబితా వధువు దగ్గర, వరుడికి వచ్చిన వాటి జాబితా వరుడి దగ్గర ఉండాలి. ఏ వస్తువు, ఉజ్జాయింపుగా దాని విలువ ఎంత, ఎవరిచ్చారు, బంధువైతే ఏమవుతారు, అన్నీ రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. పెళ్లి వేళనే, లేదా ఆ వెంటనే రాయాలి. రేపు కాపురంలో కలత వచ్చి ఆ పిల్ల తన నగలు తనకిమ్మని అడిగితే ఆమెకు ఆసరాగా నిలిచే కాగితం అది. సంగీత్ పాటల జాబితా వేసినదానివి, బట్టల రంగుల జాబితా వేసినదానివి. ఆమెకు అక్కరకొచ్చే జాబితాకు రెండు ఖాళీ పేజీలు ఇవ్వలేకపోయావు. పెళ్లికూతురి తండ్రి అప్పు చేసి కట్టిన డబ్బుతో అచ్చయినదానివి నువ్వు. ఆమెకు కొంచెమైనా రుణపడి ఉండాల్సింది.

నీకు చేతకాదని నేననుకోను. నీకు చేతనవుతుందని సముద్రాల అవతల నిరూపించావు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువాళ్ల ఇంట పెళ్లి జరిగితే, వచ్చిన ఇతర దేశాల అతిథుల కోసం ప్రోగ్రాం కాగితం వేస్తారు. జీలకర్ర బెల్లం ఎందుకు, తెర ఎందుకు, తలంబ్రాలు ఏమిటి, ఏడడుగులకు అర్థమేమిటి, వరుసగా ఇంగ్లీషులో ఉంటాయి. అక్కడి తోటి ఉద్యోగి ఆ కాగితం చూసుకుంటూ సప్తపది దగ్గర అడుగులు లెక్కపెడతాడు. ఆ కాగితానికి నా పొగడ్తలో ఎక్కడా మెలిక లేదు. కృష్ణా డెల్టా నుంచి వెళ్లిన పిల్లలు పరాయి ఊరివాళ్లకు చేసిన మర్యాద అది. ఆ మర్యాదను కంకిపాడులోనో ఉయ్యూరులోనో సొంత మేనత్తకు చేయరాదా? హాస్టళ్లలో ఇంగ్లీషు మీడియం చదివి, మంత్రం సంగతి అలా ఉంచి తెలుగు పద్యం కూడా చేరువ కాని పెళ్లికొడుకుకే ఆ కాగితం కావాలి. పెళ్లికూతురికి ఇంకా కావాలి. తనను ఎవరు ఎవరికి దానమిస్తున్నామంటున్నారో, బదులుగా ఏం మాట పుచ్చుకుంటున్నారో ఆమెకు తెలియాలి. తెలిశాక ఆ తంతులో ఒక మాటకు ఆమె అభ్యంతరం చెప్పినా అది ఆమె హక్కు.

కాబట్టి ఈ పొగడ్తను ఇక్కడితో ఆపి, వచ్చే మాఘానికో వైశాఖానికో కార్డు ఆర్డరు ఇవ్వబోయే అమ్మలకూ నాన్నలకూ, పెళ్లి చేసుకోబోయే పిల్లలకూ సూటిగా చెబుతున్నాను. మీకు నచ్చినంత అందంగా వేయించుకోండి. అందంతో నాకు తగవు లేదు. అందులో ఒక్క పేజీ అర్థానికి ఇవ్వండి. తంతు వరుసను తెలుగులో వేయండి, ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాల్లో అర్థం రాయండి. నాతిచరామి అన్న మాటకూ ఏడడుగులకూ పూర్తి చోటివ్వండి. మీ పురోహితుణ్ని కూర్చోబెట్టి అడిగితే ఒక సాయంత్రంలో రాయించి ఇస్తారు. తల్లులిద్దరి పేర్లూ వాళ్ల సొంత పేర్లుగా వేయండి. పురోహితుడి పేరు, నాదస్వరం డోలు విద్వాంసుల పేర్లు, వంటమేస్త్రీ పేరు వేయండి. ముహూర్తం అర్ధరాత్రైతే, కుదిరినవాళ్లు ఉండి చూడమని ఒక్క వాక్యం కలపండి. కానుకల జాబితాకు కాగితం విడిగా కుట్టించి, పెళ్లినాడే పూర్తిచేసి, ఇద్దరి చేతా సంతకాలు చేయించి పిల్ల చేతికివ్వండి. పెళ్లికి వారం ముందు ఆ అర్థాల పేజీని వధూవరులిద్దరి చేతా పెద్దల ముందు గొంతెత్తి చదివించండి. అందులో ఒప్పుకోలేని మాట ఉంటే అప్పుడే మాట్లాడి మార్చుకోండి. మార్చుకున్నవాళ్లు ఈ డెల్టాలోనే ఉన్నారు. ఇన్నిటికీ అయ్యే ఖర్చు ఆ పెట్టె మూత మీది బంగారు రేకు ఖర్చును మించదు. ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఏం మాటిస్తున్నారో చెప్పని కాగితం ఎంత అందంగా ఉన్నా అది పెళ్లి పత్రిక కాదు, హాలుకు దారి చూపే చీటీ మాత్రమే.